రీసైక్లింగ్ ప్లాంటు వస్తే మన మీద చెత్త భారం తగ్గుతాదా? పాత సామాన్ల బాబాయ్‌ని అడగండి!

నమస్తే అండీ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో అయ్యాక కింద నన్ను తిట్టేవాళ్ళు తిడతారు, తిట్టండి, కానీ పూర్తిగా విని తిట్టండి. వైజాగ్‌కి పెద్ద రీసైక్లింగ్ ప్లాంటు పెట్టాలంట, పెడితే చెత్త నుంచే డబ్బులు రాలిపోతాయంట, ఇంక చెత్త పన్ను అన్న మాటే వినపడదంట. ఇదే కదా మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నది? నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది, అందులో ఒకటి మా పెద్దమ్మ భజన గ్రూపు.

నేను చెప్తున్నా, తగ్గదు. చెత్త పేరు మీద మన జేబులోంచి పోయేది ఒక్క రూపాయి తగ్గదు. మనం ఇలాగే ఉంటే పెరుగుతాది కూడా. ఎందుకంటే మీ చెత్తబుట్టలో డబ్బులొచ్చే చెత్త లేదు. దాన్ని మీరు ఎప్పుడో అమ్మేసుకున్నారు!

అర్థం కాలేదా? పాత పేపర్లు ఎవడికేశారు? అట్టపెట్టెలు, బీరు సీసాలు, ఇనప మంచం, కుక్కర్ మూత, కూల్‌డ్రింక్ సీసాలు, ఆఖరికి పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి మరీ ఎవడికిచ్చారు? మైకు పెట్టుకుని ఆటోలో వస్తాడు చూశారా, పాత సామాన్ల బాబాయ్, ఆయనకి. మన ఊళ్ళో అసలైన రీసైక్లింగ్ ప్లాంటు ఆయనే, ఆయన అనుమతులు అడగలేదు, భూమి అడగలేదు, మన దగ్గర పన్నూ అడగలేదు, ఎదురు మనకే డబ్బులిచ్చి పట్టుకెళ్తున్నాడు. మరి ఆయన పట్టుకెళ్ళాక మిగిలింది ఏటండీ? అదే ప్లాంటుకి వెళ్తాది.

నమ్మకపోతే నేను చేసిన పని చెప్తా వినండి, మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు దీని వల్ల. చేపలు తూచే కొక్కెం కాటా ఉంటది కదా, అది తెచ్చి మా ఇంట్లో చెత్త వారం రోజులు తూకం వేశా. నలుగురం మేం, పెద్దోళ్ళు ముగ్గురు, ఒక చంటోడు. మొత్తం 11 కిలోల 400 గ్రాములు. అందులో కూర తొక్కలు, అన్నం, టీ పొడి, చేపల పొలుసు, పువ్వులు, అంటే తడి చెత్త, 7 కిలోలు. బాబాయ్‌కి వేసింది 2 కిలోలు, 22 రూపాయలు చేతిలో పెట్టాడు. మిగిలిన 2 కిలోల 400 ఏటంటే చంటోడి డైపర్లు, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, నూనె అంటిన కవర్లు, ఇల్లు ఊడ్చిన దుమ్ము. ఇప్పుడు చెప్పండి, ఈ ప్లాంటు పెట్టే పెద్దమనిషి మా ఇంటి చెత్త చూసి ఎగిరి గంతేస్తాడా? డైపర్ రీసైకిల్ చేసి ఏం చేస్తాడు?

ఆ 22 రూపాయలు తీసుకుంటూ బాబాయ్‌నే అడిగా, ఈ చిప్స్ ప్యాకెట్లు కూడా పట్టుకుపో బాబాయ్, ఉత్తినే ఇస్తా అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఏటి నాన్నా, ఎదురు నువ్వే డబ్బులిచ్చినా ఒద్దు" అన్నాడు. అదీ సంగతి. ఆ ప్యాకెట్ లోపల వెండి రేకులా మెరుస్తాది చూడండి, ప్లాస్టిక్కు, అల్యూమినియం పొర కలిపి అతికించేస్తారు, దాన్ని విడదీయడానికి అయ్యే ఖర్చే దాని ఖరీదు కన్నా ఎక్కువ, అందుకే ఎవడూ కొనడు, చివరికి సిమెంటు ఫ్యాక్టరీలో బొగ్గు బదులు కాల్చుకోమని పంపిస్తారు. ఉత్తినే పోదు, లారీ కిరాయి పెట్టి మరీ పంపించాలి. 40 ఏళ్ళు సామాన్లు కొన్న బాబాయ్‌కి ఒక్క చూపులో తెలిసిపోయింది, గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసే మేధావులకి తెలీదు.

ఇంక పాత కథ మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తా. 2021 అక్టోబర్ 2న క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, అని మొదలెట్టారు, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు బుట్టలిచ్చారు, మన ఊళ్ళో మామూలు ఇంటికి నెలకి 120, మురికివాడల్లో 60 అన్నారు, జనం చెత్త పన్ను అని పేరెట్టి గోల గోల చేశారు. సరిగ్గా మూడేళ్ళకి, 2024 అక్టోబర్ 2న, మచిలీపట్నంలో చంద్రబాబు నాయుడు చెత్త పన్ను తీసేస్తున్నాం అని ప్రకటించారు. చప్పట్లు. నేనూ కొట్టా, దాచుకోవడం ఎందుకు. కానీ ఒక్కటి చెప్పండి, పన్ను పోయింది సరే, ఖర్చు పోయిందా? చెత్త బండి డీజిల్ తాగడం మానేసిందా? పన్ను పేరు పోతే ఖర్చు ఇంకో జేబులోకి దూరుతాది, ఇంటి పన్నులోకో, మీ వీధి రోడ్డు బాగుచేయాల్సిన డబ్బులోకో. (ఆ బుట్టలు ఏమయ్యాయి అంటారా, మా పిన్ని నీలం దాంట్లో ఉల్లిపాయలు పోస్తాది, ఎరుపు దాంట్లో తులసి మొక్క ఉంది. ఆకుపచ్చది మేడ మీద పావురాలకి నీళ్ళు.)

డీజిల్ అన్నా కదా, అసలు గుట్టు అక్కడుందండీ. మన దేశంలో చెత్త మీద పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం ఇంటి దగ్గర ఎత్తడానికి, మోయడానికే అయిపోతాది. చెత్తని శుద్ధి చేయడానికి మిగిలేది గోరంత. మన మ్యాపు చూడండి ఒకసారి, చెత్తంతా కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి పోవాలి, అంటే అటు భీమిలి వైపు. గాజువాక నుంచి 30 కిలోమీటర్ల పైనే, అనకాపల్లి కూడా మన కార్పొరేషన్‌లోదే, అక్కడి నుంచైతే 50 అటూ ఇటూ. రోజుకి 1000 టన్నుల పైనే చెత్త, అందులో సగం పైన తడి, తడి అంటే ఏటి? నీళ్ళు! మనం లారీల్లో డీజిల్ పోసి నీళ్ళు మోస్తున్నాం అండీ కాపులుప్పాడకి. ఇంక ఎండాకాలం బీచ్ రోడ్ సంగతి చెప్పక్కర్లేదు, కొబ్బరి బోండాలు, తాటి ముంజికాయల డొక్కులు కుప్పలు కుప్పలు, బోండం నీళ్ళు మనం తాగేస్తాం, ఆ బరువైన బోండాన్ని మాత్రం ఊరి డబ్బుతో ఊరేగిస్తాం. మార్గశిర గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర పువ్వులు, పసుపు నీళ్ళు చూశారా ఎప్పుడైనా? అమ్మవారికి దణ్ణం, కానీ అదంతా మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పడేస్తాం చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండిపోతాది. పువ్వు ఎరువైపోద్ది, కవర్లో కడితే పువ్వూ పోయె కవరూ పోయె.

సరే, ప్లాంటు వచ్చిందే అనుకుందాం. అక్కడ ఇంకో తమాషా. కాపులుప్పాడలో ఇప్పటికే 15 మెగావాట్ల జిందాల్ ప్లాంటు ఉంది, చెత్త కాల్చి కరెంటు తీసేది. దానికేం కావాలి? మండే చెత్త కావాలి, అంటే పొడిది, కాగితం, ప్లాస్టిక్కు, గుడ్డలు. రీసైక్లింగ్ ప్లాంటుకేం కావాలి? అదే కాగితం, అదే ప్లాస్టిక్కు. విస్తరి ఒకటి, కూర్చున్నోళ్ళు ఇద్దరు, అన్నం ముందే బాబాయ్ తినేశాడు! ఇప్పుడు ఇద్దరూ వంటింటి వైపు చూస్తారు. వంటిల్లంటే మనమే.

చెత్త కాంట్రాక్టుల్లో సాధారణంగా రెండు షరతులుంటాయి, మనోళ్ళు ఎవరూ మాట్లాడరు వీటి గురించి. ఒకటి టిప్పింగ్ ఫీజు, అంటే నీ చెత్త నా గేటు లోపలికి వచ్చినందుకు టన్నుకి ఇంత అని ఊరే ప్లాంటుకి కడతాది. అవునండీ, సరుకు ఇచ్చేది మనం, డబ్బులిచ్చేదీ మనమే. రెండోది ఇంకా కమ్మగా ఉంటాది, రోజుకి ఇన్ని టన్నులు పంపిస్తామని ఊరు మాటిస్తాది, తక్కువ పంపినా పంపినట్టే లెక్కగట్టి డబ్బు కట్టాలి. అంటే మీరు బుద్ధిగా మేడ మీద కంపోస్టు చేసుకుని చెత్త తగ్గించారనుకోండి, బిల్లు తగ్గకపోగా అటువైపు జరిమానా పడొచ్చు. అందుకే ఏ ప్లాంటు ప్రతిపాదన వచ్చినా నేను చూసేది మెషీన్ ఫోటో కాదు, ఆ రెండు అంకెలు. టన్నుకెంత, రోజుకెన్ని టన్నులు. ఆ కాగితం బయట పెట్టమని అడగండి మీ కార్పొరేటర్‌ని, 98 మంది ఉన్నారు మనకి, ఒక్కరైనా చదివి చెప్తారేమో.

ఇప్పుడు ఇండోర్ బ్యాచ్ వస్తారు. "బ్రో, ఇండోర్ చూడు బ్రో." చూశాను బ్రో. 2022 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ ప్రారంభించిన గ్యాస్ ప్లాంటు, రోజుకి 550 టన్నుల తడి చెత్త, ఆ కంపెనీయే ఏడాదికి రెండున్నర కోట్లు ఎదురు ఊరికి కడతాది. గొప్ప విషయమే, నేను కాదనను, అక్కడ తడి చెత్తలో ఒక్క కవరు ముక్క కనపడకుండా ఇంట్లోనే వేరు చేస్తారు కాబట్టి నడుస్తాంది. కానీ అసలు ప్రశ్న అడగరేం మీరు? అంత చేసిన ఇండోర్‌లో జనం దగ్గర చెత్త ఫీజు వసూలు చేయట్లేదా? చేస్తున్నారు! దేశంలో నంబర్ వన్ ఊరు, ప్లాంటు వాడు ఎదురిచ్చే ఊరు, అక్కడే ఫీజు పోలేదు, ఇక్కడ అన్నీ కలిపి ఒకే నల్ల కవర్లో ముడేసి బండిలోకి విసిరే మనకి ఖర్చు పోతాదా? ఊళ్ళ శుభ్రతకి కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మనం 2017లో మూడో ర్యాంకు, 2019లో 23, తర్వాత మళ్ళీ పైకొచ్చాం, అదో సరదా, ర్యాంకు వచ్చిన రోజు ఫ్లెక్సీలు, ఆ ఫ్లెక్సీలూ మళ్ళీ చెత్తే.

నన్నడిగితే బిల్లు మనకి కాదు, ఆ చిప్స్ ప్యాకెట్ వాడికి పంపాలి. నేను కోపంలో అంటున్న మాట కాదిది, 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్లాస్టిక్ రూల్స్ మార్చి, ప్యాకెట్ అమ్మిన కంపెనీయే ఆ ప్లాస్టిక్ తిరిగి సేకరించే బాధ్యత మోయాలని పెట్టింది, ఆ వెండి రేకుల ప్యాకెట్లు కూడా అందులోనే ఉన్నాయి. మరి ఆ డబ్బు మన చెత్త బండి దాకా ఎందుకు రావట్లేదు? ఆ ప్రశ్న మీద ధర్నా చేయండి, నేనూ వస్తా, జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ ఆఫీసు, గాంధీ బొమ్మ దగ్గర కూర్చుందాం, మజ్జిగ నాది. ఈ ప్లాంటు అడిగేవాళ్ళని కూడా ముందు ఇదే అడుగుతా, ఎవరూ కొనని ప్యాకెట్లకి డబ్బు ఎవరు కడతారు, కంపెనీనా, మా పిన్నా?

లేదు లేదు, నీది మరీ చాదస్తం, పెద్ద ప్లాంటు వస్తే బాబాయ్ సరుకు కూడా అక్కడికే వెళ్తుంది అంటారా? అయితే బాబాయ్ పొట్ట కొట్టి నా ఖర్చు తగ్గిస్తారన్నమాట. నాకా 22 రూపాయలూ పోయి... ఆగండాగండి. వినపడుతోందా మైకు? పాత పేపర్లూ, అట్టపెట్టెలూ... అదిగో సందులోకి వచ్చేశాడు, మళ్ళీ వారం దాకా రాడు. మా ఇంట్లో కొత్త ఫ్రిజ్ అట్టపెట్టె ఉంది, కిలోకి ఎంతిస్తాడో చూద్దాం, మీ వీధిలో రేటెంతో కింద రాయండి, కెమెరా ఆపుతున్నా. బాబాయ్! ఓ బాబాయ్! పైన, పైన, రెండో అంతస్తు!