అడగకుండా వదిలేయవలసిన ప్రశ్న

(అమలాపురంలో సోషల్ వర్క్ (ఎం.ఎస్.డబ్ల్యూ.), సైకాలజీ, నర్సింగ్ పీజీ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

'మానసిక గాయాన్ని ఎరిగి చేసే సేవ: పీజీ స్థాయి శిక్షణ' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. పేరు బరువుగా ఉంది గానీ, ఒక దరఖాస్తు ఫారం చాలు ఇదేమిటో తెలియడానికి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మన తీరాన్ని దాటింది. వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో. సముద్రంలో పోయినవారి శవాలు అన్నీ దొరకవు. అలాంటి ఒక ఇంటి ఇల్లాలిని ఊహించండి. సాయం కోసం కౌంటరు ముందు నిలబడింది. భర్త పేరు రాసే గడి దగ్గర గుమాస్తా కలం ఆపి, 'ముందు లేటు అని పెట్టమంటారా?' అని అడిగాడు. ఆమె నుదుట బొట్టు అలాగే ఉంది. ఆయన తలెత్తి చూడలేదు. దుర్మార్గుడేమీ కాదు, వెనక బారెడు వరుస ఉంది. అవునంటే తన నోటితోనే భర్తను చంపుకున్నట్టు, కాదంటే ఫారం వెనక్కి వస్తుంది. పక్క కౌంటరులోనూ అదే ప్రశ్న. నెల తర్వాత విచారణకు వచ్చినవారిదీ అదే ప్రశ్న.

మనిషి ఉన్నాడో లేడో తేలని ఇలాంటి నష్టం మీద అమెరికాలో పౌలీన్ బాస్ దశాబ్దాలుగా పరిశోధన చేశారు. ఏడేళ్లపాటు కబురు లేకపోతే మరణించినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం అంటుంది. ఏడేళ్లంటే ఎత్తుకు తిరిగిన పిల్ల బడికి పోయే వయసు. ఆ లోపల ఆ ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, రేపు వెళ్లబోయే మీరు ఏం మాట్లాడాలి? మన పాఠ్యాంశాల్లో ఇది నాకు కనబడలేదు.

మానసిక ఆరోగ్య సేవలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ శామ్సా 2014లో ఈ సేవాపద్ధతిని నాలుగు పనులుగా చెప్పింది. గాయం ఎంత విస్తృతమో గ్రహించడం, దాని గుర్తులు పట్టడం, ఆ ఎరుకతో విధానాలు మార్చుకోవడం, మళ్లీ గాయపరచకుండా ఉండడం. మొదటి మూడూ పరీక్షలో రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకోవచ్చు. నాలుగోదానికే రెండేళ్ల కోర్సూ కావాలి.

ఎందుకంటే మనకు అడగడం అంటే మహా ఇష్టం. 'ఏడిస్తే గుండె బరువు దిగుతుంది, చెప్పమ్మా' అంటాం. విపత్తు జరిగిన రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ప్రపంచమంతటా నడిచింది. దానివల్ల మేలు లేదనీ, కొందరికి కీడు కూడా జరగవచ్చనీ తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. 2011లో ఆ సంస్థ విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో ఉన్నవి మూడే పనులు: చూడడం, వినడం, అవసరమైన చోటికి చేర్చడం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో లంక గ్రామాలు మునిగినప్పటిలా జనం పునరావాస కేంద్రానికి చేరారనుకోండి. మీరు ప్రశ్నావళి పట్టుకుని వెళ్తారు: 'నిద్ర పడుతోందా? భయం వేస్తోందా?' ఆమె కళ్లేమో కిటికీలోంచి గట్టు మీదికే పోతుంటాయి. గేదెను అక్కడ కట్టేసి వచ్చింది, మేత లేదు. ముందు గేదె సంగతి కనుక్కోండి. ఫోను చార్జింగు పెట్టించండి, కువైట్‌లో ఉన్న కూతురు పొద్దుటి నుంచి ఫోను చేస్తూ ఉండవచ్చు. మీ ప్రశ్నావళికి అప్పుడు తొందరేమీ లేదు. అసలు అవసరమే పడకపోవచ్చు కూడా.

ఈ విషయంలో చట్టం మనకంటే ముందుంది, ఒప్పుకోవాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గర గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ నమోదు చేయాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి చేయాలి, ఒంటిమీద యూనిఫాం ఉండకూడదు. కోర్టుకు పదేపదే పిలవకుండా చూడాలి. ఇంత జాగ్రత్త చట్టంలో రాసి ఉండగా, అదే బిడ్డను బడిలో, ఆసుపత్రిలో, కౌన్సెలింగ్ గదిలో 'మొదటి నుంచి చెప్పు' అనేది మనమే. ముందు అడిగినవారు రాసిన కాగితం చదువుకుని వెళ్లడం కూడా శిక్షణే. దానికి మార్కులు లేవు కనుక ఎవరూ నేర్పరు.

ఇక మీ సంగతి. పరుల గాయాలు వినీ వినీ విన్నవారి లోకమే మారిపోతుందని 1990లో మెకాన్, పెర్ల్‌మన్ అనే మనోవిజ్ఞానవేత్తలు రాశారు. కానీ మన కళాశాలల్లో ఫీల్డ్ వర్క్ పర్యవేక్షణ అంటే చాలాచోట్ల డైరీలో సంతకమే. అధ్యాపక మిత్రులు కోపం తెచ్చుకున్నా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను. వారానికి ఒక గంట, ముగ్గురు నలుగురు విద్యార్థులతో తలుపు వేసుకుని కూర్చోవాలి. ఎవరి కథ విన్నాక అన్నం సయించలేదో, ఏ ఇంటికి మళ్లీ వెళ్లడానికి కాళ్లు రాలేదో మాట్లాడుకోవాలి. ఆ గంట టైంటేబుల్లో ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416ను బాధితులకు రాసిచ్చేటప్పుడు మీ ఫోన్లోనూ ఒకసారి దాచుకోండి.

మధ్యాహ్నం అభ్యాసంలో జంటలుగా కూర్చుంటారు. ఒకరు సాయానికి వచ్చినవారు, ఒకరు సేవకులు. వచ్చినవారి కుర్చీ తలుపుకు దగ్గరగా, దారికి అడ్డం లేకుండా వేయండి. మొదటి పది నిమిషాలు జరిగినదాని గురించి ఒక్క ప్రశ్నా వేయకూడదు. కష్టంగా ఉంటుంది, కొందరు నాలుగో నిమిషంలోనే అడిగేస్తారు. అడిగినవారి పేర్లు నేను రాసుకోను, ఎందుకు అడిగారో మాత్రం తర్వాత మాట్లాడుకుందాం.