అద్దానికి ఇటువైపు

అందరికీ నమస్కారం. రీబూట్లు, అంటే పాత సినిమా కథల్ని కొత్తగా మళ్ళీ మొదలుపెట్టి తియ్యడం, మంచివా చెడ్డవా అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ ప్రశ్నకి నేను ఔననో కాదనో చెప్పలేనండి, ఎందుకంటే ఒకే సినిమాలో నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చిన సందర్భాలు ఉన్నాయి, బయటికొచ్చాక ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే నోట మాట రాని రోజులు ఉన్నాయి. అందుకని నాకు కంఠతా వచ్చిన ఒక సీన్ దగ్గర మొదలుపెడతా.

స్టార్ ట్రెక్ అంటే అంతరిక్షంలో తిరిగే ఒక షిప్పు సిబ్బంది కథ. 1982లో వచ్చిన దాని రెండో సినిమా, ద రాత్ ఆఫ్ ఖాన్. షిప్పు పేలిపోయేలా ఉంది, ఇంజిన్ పని చెయ్యాలంటే రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్ళాలి, సిబ్బందిలో ఒకడైన స్పాక్, తన కెప్టెన్‌కి ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోతాడు. కెప్టెన్ కిర్క్ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఇద్దరి మధ్యా అద్దం. ఇక్కడ ఒకటి గమనించండి, స్పాక్ పైకి లేస్తాడు కదా, లేవగానే ముందు యూనిఫాం కిందకి లాగి సరిచేసుకుంటాడు. చచ్చిపోతున్నాడు, చూపు కూడా పోయింది, అయినా కెప్టెన్ ఎదురుగా నిలబడాలి కాబట్టి చొక్కా సర్దుకుంటాడు. తర్వాత అడుగులో అడుగేసుకుంటూ వచ్చి అద్దం ఉందని తెలీక దానికి కొట్టుకుంటాడు. చివరికి చెయ్యి అద్దానికి ఆనిస్తాడు, కిర్క్ ఇటువైపు నుంచి సరిగ్గా అక్కడే చెయ్యి పెడతాడు.

నేను ఇది థియేటర్లో చూడలేదు, చాలా ఏళ్ళ తర్వాత వీడియో క్యాసెట్‌లో చూశాను. వెనక్కి తిప్పి వెనక్కి తిప్పి చూడ్డం వల్ల టేపు అక్కడే నలిగిపోయి, స్పాక్ చెయ్యి పెట్టే టైంకి తెర మీద ఒక తెల్ల గీత కింద నుంచి పైకి పాకేది. ఇప్పుడు ఎంత క్లీన్ ప్రింట్ చూసినా ఆ గీత ఎక్కడా అని నా కళ్ళు వెతుకుతాయి.

ఆ సీన్ అంత బరువు ఎందుకుందో ఆలోచిస్తే, 1966లో టీవీ సీరియల్ మొదలైంది, మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, 1979లో మొదటి సినిమా, అంటే అద్దానికి అటూ ఇటూ నిలబడ్డ ఆ ఇద్దర్నీ జనం పదహారేళ్ళుగా చూస్తూ ఉన్నారు, వాళ్ళ గొడవలు తెలుసు, చదరంగం ఆడుకోవడం తెలుసు, ఒకడి కోసం ఇంకొకడు ఏం చేస్తాడో తెలుసు. ఖాన్ కూడా కొత్త విలన్ కాదు, 1967లో ఒక ఎపిసోడ్‌లో వచ్చి వెళ్ళినవాడు, పదిహేనేళ్ళ పగతో తిరిగొచ్చాడు. ఇంత కాలం కూడబెట్టింది ఆ నాలుగు నిమిషాల్లో ఖర్చు పెట్టారు.

ఇప్పుడు 2013కి రండి. స్టార్ ట్రెక్ ఇంటు డార్క్‌నెస్, అదే పాత్రలకి కొత్త నటుల్ని పెట్టి తీసిన రీబూట్లలో రెండోది. మళ్ళీ ఇంజిన్ గది, మళ్ళీ రేడియేషన్, మళ్ళీ అద్దం. ఈసారి లోపల కిర్క్, బయట స్పాక్. చేతులు అద్దం మీద అలాగే. ఆ తర్వాత స్పాక్ ఖాన్ పేరు పెట్టి గట్టిగా అరుస్తాడు, పాత సినిమాలో వేరే చోట కిర్క్ అరిచిన అరుపు అది. నటులిద్దరూ బాగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి, కిర్క్‌గా చేసిన క్రిస్ పైన్ కళ్ళల్లో భయం నిజంగా కనిపిస్తుంది. కానీ వీళ్ళిద్దరూ కలిసి చేసింది అప్పటికి రెండో సినిమాయే, కథలో కూడా వాళ్ళ స్నేహం ఇంకా పచ్చిది, ఇంకా ఒకళ్ళనొకళ్ళు పూర్తిగా నమ్మను కూడా లేదు. మరి నాకు కళ్ళు ఎందుకు చెమర్చాయి అంటే అది 1982 కన్నీళ్ళండి, నా దగ్గర ఎప్పట్నుంచో ఉన్నవి, వాటిని బయటికి లాగి వాళ్ళ ఖాతాలో వేసుకున్నారు. పైగా ఖాన్ రక్తం ఎక్కించి సినిమా అయ్యేలోపే కిర్క్‌ని బతికించేశారు. నాకు కోపం వచ్చింది అక్కడే. మార్చినందుకు రాలేదు, మా జ్ఞాపకాన్ని అడక్కుండా అరువు తీసుకుని వడ్డీ కూడా కట్టనందుకు వచ్చింది.

రిలీజ్‌కి ముందు ఆ విలన్ ఖాన్ కాదని కూడా చెప్పుకుంటూ వచ్చారు. తర్వాత డైరెక్టర్ జె.జె. అబ్రమ్స్ ముందే చెప్పేసి ఉంటే మంచిదయ్యేదేమో అని ఒప్పుకున్నారు, అది ఆయన పెద్దరికం, దాని గురించి ఇంక సాగదీయను.

మనవాళ్ళు చాలామంది ఇక్కడ ఒక మాట అంటారు, అసలు అబ్రమ్స్ స్టార్ ట్రెక్ ఫ్యానే కాదు, చిన్నప్పట్నుంచి స్టార్ వార్స్ మనిషి, అందుకే ఇలా అయింది అని. ఆయన ఫ్యాన్ కాదన్నది నిజమే, ఆయనే చెప్పాడు. కానీ మనం నెత్తిన పెట్టుకునే ఆ 1982 సినిమా తీసిన నికోలస్ మేయర్ కూడా అంతకుముందు స్టార్ ట్రెక్ చూడనివాడే! ప్రొడ్యూసర్ హార్వ్ బెనెట్ అయితే సినిమా ఒప్పుకున్నాక కూర్చుని పాత ఎపిసోడ్లన్నీ చూశాడు. అన్నీ, మొత్తం 79. అలా చూస్తూ చూస్తూ ఉంటేనే ఆయనకి 1967 నాటి ఖాన్ కనిపించాడు. నాకు ఇది తెలిసిన రోజు చాలా ఆలోచించాను. ఫ్యాన్ అవ్వక్కర్లేదు, బయటివాడైనా పర్లేదు, కానీ కథ లోపలికి రావాలంటే ఆ 79 మెట్లూ ఎక్కాలి. ఒక సీన్ తెచ్చుకోవడం తేలికే, అది ఎందుకు పుట్టిందో కూడా వెంట తెచ్చుకోవాలంటే అంత సేపూ కూర్చోవాలి.

అలాగని అబ్రమ్స్‌ని నేను కొట్టిపారెయ్యను. 2009లో ఆయన తీసిన మొదటిది నాకు ఇప్పటికీ ఇష్టం. అప్పటికి పరిస్థితి ఎలా ఉందంటే 2002లో నెమెసిస్ అనే స్టార్ ట్రెక్ సినిమా ఆడలేదు, 2005లో టీవీ సిరీస్ కూడా ఆపేశారు, ఇంక స్టార్ ట్రెక్ పనైపోయింది అనుకున్నాం. అలాంటప్పుడు వచ్చి పాత కథని చెరపకుండా పక్కన ఇంకో కాలరేఖ గీశారు, పాత స్పాక్, అంటే మొదట్నుంచీ ఆ పాత్ర చేసిన లియొనార్డ్ నిమోయ్ గారే, అటు నుంచి ఇటు వచ్చినట్టు రాశారు. అంటే మీ కథ ఎక్కడికీ పోలేదు, పక్క గదిలో క్షేమంగా ఉంది అని మాకు చెప్పినట్టయింది. అదే సినిమాలో వల్కన్ గ్రహాన్ని మింగేశారు కూడా. స్పాక్ పుట్టిన గ్రహం, మిగిలింది పదివేల మంది ఉంటారేమో అని లెక్క చెప్తాడు. దూరంగా మంచు గ్రహం మీద నిలబడి ముసలి స్పాక్ ఆకాశంలో అది పోవడం చూస్తాడు, ఏమీ చెయ్యలేడు. నాకు ఆ షాట్‌లో ఆయన మొహం చూస్తే మనమే కనిపిస్తాం, పాత ఫ్యాన్స్, మన కళ్ళ ముందే మనకి తెలిసిన లోకం పోతుంటే అలా చూస్తూ నిలబడ్డాం. నొప్పి ఉంది, కానీ మమ్మల్ని మర్చిపోయి చెయ్యలేదు అనే ఊరట కూడా ఉంది.

ఇంకో ఉదాహరణ, నా లెక్కలో అన్నిటికంటే మంచిది. ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్, మనుషుల్ని కోతులు ఏలే లోకం కథ. 1968లో మొదటి సినిమా, ఆ వరసలో 1971లో వచ్చిన దాంట్లో కొర్నీలియస్ అనే చింపాంజీ ఒక కథ చెప్తాడు, బానిసలుగా ఉన్న కోతుల్లో ఒకటి మొట్టమొదటిసారి నోరు విప్పిందట, మనుషులు తమతో ఎన్నోసార్లు అన్న మాటే తిరిగి అందట, "నో" అని. మాటల్లో చెప్పిన ఆ ముక్కని పట్టుకుని సరిగ్గా నలభై ఏళ్ళ తర్వాత, 2011లో, రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ తీశారు. సీజర్ అనే చింపాంజీ తిరిగి బోనులోకి వెళ్ళనంటున్నాడు, కాపలావాడు కరెంటు కర్రతో కొడుతున్నాడు, సీజర్ వాడి చెయ్యి పట్టుకుంటాడు. వాడు అప్పుడు 1968 సినిమాలో చార్ల్‌టన్ హెస్టన్ అన్న డైలాగే అంటాడు, నీ పాడు చేతులు తియ్యి అని. అది వినగానే పాతవాళ్ళం గుర్తుపట్టి ఓ నవ్వు నవ్వబోతాం, ఆ నవ్వు సగంలో ఉండగానే సీజర్ లేచి నిలబడి అరుస్తాడు, నో! థియేటర్లో ఊపిరి వినపడలేదు. నాకు ఒళ్ళంతా జలదరించింది, పక్క సీట్లో పాత సినిమాలేవీ చూడని కుర్రాడికి కూడా జలదరించింది, వాడు సీటు చెయ్యి గట్టిగా పట్టుకోవడం చూశాను. ఎందుకంటే అప్పటికి గంటకి పైగా సీజర్‌తోనే ఉన్నాం, వాడి చిన్నతనం, వాడి ఇల్లు, వాణ్ణి వదిలేసి వెళ్ళిపోవడం అన్నీ చూశాం. పాత సినిమా తెలిస్తే ఇంకాస్త ఎక్కువ దక్కుతుంది, తెలీకపోతే ఏమీ తగ్గదు. ఇదీ సీజర్‌గా నటించిన ఆండీ సెర్కిస్ గారు ఆ మొహం వెనక ఉండి చేసిన పని.

భవిష్యత్తు నుంచి వచ్చే యంత్రాల కథ టెర్మినేటర్ దగ్గర నాకు ఓపిక పోయింది. 2015లో జెనిసిస్ వచ్చి వెనక్కి వెళ్ళి మొదటి కథనే మార్చింది, 2019లో డార్క్ ఫేట్ వచ్చి 1991 నాటి రెండో సినిమా తర్వాత వచ్చినవన్నీ లేనట్టే లెక్క అంది. సరే, చెరిపితే చెరిపారు అనుకుని కూర్చుంటే మొదటి కొన్ని నిమిషాల్లోనే జాన్ కానర్‌ని చంపేశారు. రెండో సినిమా అంతా ఆ పిల్లాడిని కాపాడ్డం కోసమే కదండీ, ఆ ఉక్కు కొలిమిలోకి దిగిపోతూ యంత్రం బొటనవేలు చూపించింది వాడికే కదా. మళ్ళీ ఈ డార్క్ ఫేట్‌లోనే లిండా హామిల్టన్ తెల్లజుట్టుతో కారు దిగి తుపాకీ తీసుకుంటే, 28 ఏళ్ళ తర్వాత జాన్ తల్లి సారా కానర్ అలా నడుచుకుంటూ వస్తే, నాకు తెలీకుండానే సీట్లో నిటారుగా కూర్చున్నాను. ఒకే సినిమాలో ఈ రెండూ! మీరు నన్ను నచ్చిందా నచ్చలేదా అని అడిగితే ఏం చెప్పను?

స్టార్ వార్స్ వాళ్ళ బాధ వేరు. అక్కడ 2014లో ఒక్క ప్రకటనతో అప్పటిదాకా వచ్చిన నవలలూ కామిక్సూ దాదాపు అన్నీ "లెజెండ్స్" అని పక్కన పెట్టేశారు. కొత్త సినిమాలకి దారి ఖాళీ కావాలి, అర్థం చేసుకోగలం. కానీ సినిమాలు లేని రోజుల్లో ఆ కథని బతికించింది ఆ పుస్తకాలే, వాటిని చదువుతూ పెద్దయినవాళ్ళకి సినిమాల్లోని హీరో హీరోయిన్లు హాన్, లేయాల పిల్లలు పక్కింటి పిల్లలంత తెలుసు. ఆ పిల్లలు అసలు పుట్టనే లేదు అంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది.

కొత్తొక వింత పాతొక రోత అని సామెత. మన దగ్గరికొచ్చేసరికి అది తలకిందులై పాతదంతా బంగారం, కొత్తదంతా చెత్త అనే అలవాటు పడిపోయింది, అది కూడా తప్పే. 1982లోనే, అదే జూన్ నెలలో, జాన్ కార్పెంటర్ తీసిన ది థింగ్ వచ్చింది. 1951లో ఒకసారి సినిమాగా వచ్చిన కథే. అప్పట్లో విమర్శకులు చీల్చి చెండాడారు, డబ్బులు రాలేదు, ఇవాళ మనం దాన్ని క్లాసిక్ అంటున్నాం. 1986 నాటి ది ఫ్లై కూడా 1958 దానికి రీమేకే. అంటే మనం గుండెల్లో పెట్టుకున్నవాటిలో కొన్ని ఒకప్పుడు ఎవరికో కడుపు మండించిన కొత్తవే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. 2016లో గోస్ట్‌బస్టర్స్ రీబూట్ వచ్చినప్పుడు అందులో నటించిన లెస్లీ జోన్స్‌ని ట్విట్టర్‌లో ఎంత నీచంగా తిట్టారో, ఆ తర్వాత స్టార్ వార్స్‌లో చేసిన కెల్లీ మరీ ట్రాన్‌ని ఎంత వేధించారో మీకందరికీ తెలుసు, ఆమె 2018లో తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. కథ నచ్చకపోతే కథని తిట్టండి, రాసినవాళ్ళని ప్రశ్నించండి. ఒక నటిని రంగు చూసి, పుట్టుక చూసి తిట్టడానికి ప్రేమ అనే పేరు పెట్టుకోవద్దు. అలాంటివాళ్ళు పక్కన నిలబడి నేనూ పాత ఫ్యానే అంటే నేను ఒప్పుకోను.

2015లో నిమోయ్ గారు పోయారు. ఆ మరుసటి ఏడాది స్టార్ ట్రెక్ బియాండ్‌లో కుర్ర స్పాక్‌కి ముసలి స్పాక్ పోయాడని కబురొస్తుంది, చివర్లో ఆయన సామాను పెట్టె తెరిస్తే అందులో ఒక ఫోటో, పాత సిబ్బంది అందరూ వయసు మళ్ళాక కలిసి దిగింది. ఎవరూ ఏమీ మాట్లాడరు. కుర్ర స్పాక్‌గా చేసిన జాకరీ క్వింటో ఆ ఫోటో చూస్తూ ఉంటాడు అంతే. 2013లో నా దగ్గర అప్పుగా తీసుకున్నది ఆ ఫోటోతో తీర్చేశారనిపించింది నాకు.

మా మేనకోడలు స్టార్ ట్రెక్ 2009 దానితో మొదలుపెట్టింది. అద్దం సీన్ తనకి మొదట తెలిసింది 2013దే, అక్కడ ఏడ్చింది కూడా. పాతది చూపించాలంటే నాకు భయమేసింది, ఇది కాపీలా ఉంది అత్తా అంటుందేమో అని. చాలా రోజులు ఆగి ఒక రాత్రి పెట్టాను. స్పాక్ లోపలికి వెళ్ళాడు, చొక్కా సర్దుకున్నాడు, చెయ్యి ఆనించాడు, జారిపోయాడు. తను దిండు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. అంత్యక్రియలు అయ్యాయి, పేర్లు పడుతున్నాయి.

"ఎప్పుడు లేస్తాడు?" అంది.

"ఇందులో లేవడు."

పేర్లన్నీ అయిపోయేదాకా తెర వైపే చూసింది. తర్వాతది పెట్టనా అని రిమోట్ తీశాను. "ఇవాళ వద్దత్తా" అంది. ఆ వారమంతా దాని ఊసెత్తలేదు. తొమ్మిదో రోజు రాత్రి తనే వచ్చి నా పక్కన కూర్చుని, ఇప్పుడు పెట్టు అంది.

థాంక్యూ అండీ.