‘ఇతర’ అనే గడిలో ఏముంది?

[దృశ్యం: తెల్లవారుజాము. సికింద్రాబాద్ స్టేషన్ బయట చాయ్ బండి. పక్కన వ్యాఖ్యాత.]

వ్యాఖ్యాత: రైలు దిగి, ఎటు వెళ్లాలో తెలియక ఇక్కడ నిలబడిన పదేళ్ల పిల్లవాణ్ని ఊహించుకోండి. అతన్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరుస్తారు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం సామాజిక విచారణ, అంటే పిల్లవాడి ఇల్లు, కుటుంబ పరిస్థితుల గురించి ఆరా, 15 రోజుల్లో ముగియాలి. విచారణకు వచ్చిన కార్యకర్తతో పిల్లవాడు ఇలా అంటాడు: “నాన్న కొట్టడు. పిన్ని అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు.”

[తెర మీద ఫారం. వివరించడానికి మేం గీసుకున్నది, ప్రభుత్వానిది కాదు. ఇల్లు వదిలిన కారణం: హింస, పేదరికం, చదువు, ఇతర.]

ఏది నొక్కాలి? ‘ఇతర’. పిన్ని మౌనం ఆ ఒక్క మాటలో ఇంకిపోయింది.

[దృశ్యం: లండన్ వీధి, పాత ఫోటో.]

2000లో లండన్‌లో విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ల పాప పెద్దల చేతిలో హింసకు గురై చనిపోయింది. ఆస్పత్రులు, పోలీసులు, సంక్షేమ అధికారులు అందరూ ఆమెను చూసినవారే. ఆ తరువాత ఇంగ్లాండ్‌లో పిల్లల రికార్డులకు పెద్ద కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. పిల్లల పరిస్థితిపై మొదటి అంచనాకు అప్పట్లో 7 పనిదినాల గడువు ఉండేది.

స్యూ వైట్, డేవిడ్ వాస్టెల్ తదితర పరిశోధకులు ఆ కార్యాలయాల్లోనే కూర్చుని పని గమనించారు. గడువు తరుముతుంటే కార్యకర్తలు అడ్డదారులు వెతుక్కున్నారు. ఒక్కో బిడ్డకు ఒక్కో రికార్డు కావడంతో ఇంటి కథ ముక్కలైంది. 2011లో ప్రొఫెసర్ ఐలీన్ మన్రో, ప్రభుత్వం కోరగా చేసిన సమీక్షలో, దేశమంతటికీ ఒకే గడువు పెట్టే పద్ధతి తీసేయాలని సిఫారసు చేసింది.

నేను కంప్యూటర్‌ను తిట్టడం లేదు. బీరువాలో తాళం వేసిన నోటుపుస్తకం, వరంగల్‌లో తప్పిపోయిన పిల్లను హైదరాబాద్‌లో గుర్తుపట్టదు. నా గొడవంతా గడులు గీసేవాళ్లతో. వాళ్లు ఒక్క పూట ఈ స్టేషన్ బయట కూర్చుంటే బాగుండును. చాయ్ నేనే ఇప్పిస్తాను.

[తెర మీద అదే ఫారం. ‘ఇతర’ పక్కనున్న ఒక్క పంక్తి ఖాళీ పెరిగి, పేజీ అంతా అవుతుంది. చేతిరాత మెల్లగా నిండుతుంది.]

పిల్లవాడి గొంతు: పిన్ని మాట్లాడదు. నాన్న రాత్రికి గానీ రాడు. తమ్ముడు నాతోనే బయలుదేరాడు. కాజీపేటలో నీళ్లకని దిగాడు.