నొప్పి లేని పంటికి ఖర్చు

వేదిక మీదున్న ఎంఈఓ గారికి, సర్పంచ్ గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఇవాళ కూలి మానుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. రిటైరవుతున్నాను కాబట్టి ముప్పై మూడేళ్ళ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కాగితం మీద రాసుకొచ్చాను కూడా. ఇందాక రెండో తరగతి పాప నాకు దండ వేసి నోరారా నవ్వింది. వెనక దవడపన్ను నల్లగా కనిపించింది. ఇక ఆ కాగితం చదవబుద్ధి కావడం లేదు. పళ్ళ గురించే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

2004లో మా అబ్బాయికి ఏడేళ్ళు. పాలపన్ను కదులుతోందని టౌన్లో పళ్ళ డాక్టరుకి చూపించాను. ఆయన నోరంతా చూసి, "వెనకాల నాలుగు కొత్త దవడపళ్ళు వచ్చాయమ్మా, పుచ్చకుండా సీలెంట్ అనే పూత వేయిద్దాం, పన్నుకి రెండు వందలు" అన్నారు. మొత్తం ఎనిమిది వందలు. ఆ నెల చీటీ కట్టాలి. నొప్పి లేని పంటికి డబ్బెందుకులే అని వచ్చేశాను. పదకొండో ఏట ఆ నాలుగింట్లో ఒకటి పుచ్చి బుగ్గ వాచిపోయింది. లవంగ నూనె, మాత్రలు, తెల్లవార్లూ ఏడుపు. రూట్ కెనాల్, క్యాప్ కలిపి అయిదు వేలు దాటింది. ఏడాదిన్నరకి ఆ పన్ను విరిగితే పీకించాం. ఇవాళ్టికీ వాడు ఎడమ పక్క నమలడు. నా కొడుకు అన్నం తింటుంటే ఆ ఎనిమిది వందలే గుర్తొస్తాయి నాకు.

ఆరేళ్ళ వయసులో వచ్చే ఈ దవడపన్ను ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వెనకాల చడీచప్పుడు లేకుండా వస్తుంది. అందుకే పాలపన్నే అనుకుంటాం, ఊడిపోయేదేగా అనుకుంటాం. ఊడదమ్మా, జీవితాంతం ఉండాల్సిన పన్ను అది. దాని పైభాగం తిరగలి రాయికి గంట్లు కొట్టినట్టు ఉంటుంది. తిరగలి గంట్లలో పిండి ఇరుక్కున్నట్టే బిస్కెట్ ముద్ద అక్కడ ఇరుక్కుంటుంది. బ్రష్ కుచ్చు అంత లోపలికి పోదు. పిల్లల దవడపళ్ళు ఎక్కువగా అక్కడి నుంచే పుచ్చుతాయి.

ఆ గంట్లని ప్లాస్టిక్ లాంటి పూతతో మూసేయడమే సీలెంట్. సూది లేదు, డ్రిల్లు లేదు. పన్ను తోమి, కొన్ని సెకన్లు యాసిడ్ జెల్ పెట్టి కడిగి, ఆరబెట్టి, పూత వేసి నీలం లైటుతో గట్టిపరుస్తారు. పంటికి పూత అంటుకునేలా చేసే ఆ యాసిడ్ పద్ధతిని అమెరికాలో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు 1955లో చూపించారు. అంటే నాకంటే వయసులో పెద్దది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం రెండేళ్ళపాటు 80 శాతం పుచ్చులు ఆగుతాయి, నాలుగేళ్ళ దాకా సగం ఆగుతాయి. పూత ఊడితే మళ్ళీ వేయించాలి. పంటికీ పంటికీ మధ్య పుచ్చుకి ఇది పనిచేయదు, బ్రష్ మానకూడదు.

మూడో వరుసలో కూర్చున్న అమ్మా, నా దగ్గరే చదువుకున్నావు కాబట్టి చనువుగా అడుగుతున్నా. ఒళ్ళో బాబుకి ఎన్నేళ్ళు? ఆరా? ఇంటికెళ్ళి పగటి వెలుతురులో నోరు తెరిపించి చూడు.

పోయిన నెల టౌన్లో కనుక్కున్నాను. సీలెంట్ పన్నుకి 800. నాలుగింటికి 3,200. రూట్ కెనాల్, క్యాప్ అయితే ఒక్క పంటికే 8 వేలు. అయినా కూలికి వెళ్ళే ఇంట్లో నొప్పి లేని పంటికి 3,200 పెట్టమని ఏ నోటితో చెప్పను? నెల జీతం ఉండీ నేనే పెట్టలేదు. అందుకే దీన్ని ఇంటి ఖర్చుకి వదిలేయకూడదు, బడి పని చేయాలి. 2013లో మొదలైన, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కేలో పిల్లలకి చూసే జబ్బుల్లో పంటి జబ్బులూ ఉన్నాయి. కానీ పుచ్చాక చూడటం వేరు, పుచ్చకముందే మూయడం వేరు. ఎంఈఓ గారూ, ఈ మాట పైకి రాయండి సార్, దయచేసి రాయండి.

నాకు ఉంగరం చేయించాలని చందా వేసుకున్నారట. నాకు వద్దు. రెండో తరగతిలో 14 మంది, 56 పళ్ళు. టౌన్లో అయితే 44,800. విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలకి తీసుకెళ్తే చాలా తక్కువలో అవుతుంది. ఉంగరం డబ్బు అందులో వేయండి, తగ్గింది నేను వేస్తాను. ఇప్పటికే పుచ్చిన పళ్ళుంటే వాటికేం చేయాలో అక్కడి డాక్టర్లే చెప్తారు. వచ్చే శనివారం పొద్దున మొదటి బస్సుకి వెళ్దాం. 14 మంది పిల్లల్ని నేనొక్కదాన్నే చూసుకోలేను. తోడు ఎవరెవరు వస్తారో చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను.