ఒకే జీపు, రెండు దారులు: అమెరికా ట్రక్కు, యూరప్ వ్యాను

సభకు నమస్కారం.

డాలస్‌లోని పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన తల్లిదండ్రులు అక్కడ ఎకరం పొలమైనా లేని వాళ్ల ఇంటి ముందు కూడా వెనక తెరిచిన తొట్టి ఉండే పెద్ద పికప్ ట్రక్కు నిలబడి ఉంటుందని ఆశ్చర్యంగా చెబుతుంటారు. జర్మనీకి వెళ్లి వచ్చినవారికి అలాంటి బండి ఎప్పుడో ఒకటి తప్ప కనిపించదు. అక్కడ వడ్రంగి, ప్లంబరు, కరెంటు పనివాడు తమ సామాను తలుపులు మూసే వ్యాన్లలో పెట్టుకుని తిరుగుతారు. అమెరికా వాళ్లకు ఆర్భాటం ఇష్టమనీ, యూరప్ వాళ్లకు పొదుపు ఇష్టమనీ చెప్పి ఈ తేడాను తేల్చేయడం సులువే గాని, ఆ వివరణను నేను ఒప్పుకోలేను. ఇష్టాలు గాలిలోంచి పుట్టవు. పన్నులు, సుంకాలు, రోడ్డు నియమాలు, భూమి ఎవరి చేతిలో ఉందన్న సంగతి, ఇవన్నీ కలిసి బండి రూపాన్ని నిర్ణయించాయి. రోజూ కళ్ల ముందు తిరిగే బండి మీద ఇష్టం ఆ తర్వాత పెరిగింది.

రెండు చోట్లా మొదలు ఒక్కటే కావడం ఇందుకు నిదర్శనం. 1940లో అమెరికా సైన్యం కోసం పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణంలో బాంటమ్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన నమూనా నుంచి జీపు పుట్టింది. యుద్ధకాలంలో దానిని లక్షల సంఖ్యలో తయారుచేసినవి విల్లీస్, ఫోర్డ్ సంస్థలు. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ దానిని రైతు బండిగా అమ్మకానికి పెట్టింది. బ్రిటన్‌లో రోవర్ సంస్థ ఇంజినీరు మారిస్ విల్క్స్, ఆంగ్లసీ ద్వీపంలోని తన పొలంలో సైన్యం వదిలించుకున్న జీపునే వాడుతూ, అలాంటిది తామే తయారుచేయాలని తలచాడు. ఉక్కు కరువుగా ఉన్న రోజులు కనుక ఒంటికి అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు తొడిగారు. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో కనబడిన ఆ బండే ల్యాండ్ రోవర్. ఇంజను శక్తితో పొలం యంత్రాలను కూడా తిప్పగలిగే బండి అది. అంటే అప్పటికి అట్లాంటిక్‌కు ఇరువైపులా మనిషి కోరింది ఒకటే: బురదలో దిగబడని, బరువు మోసే పనిముట్టు. మన దేశానికి కూడా ఆ విల్లీస్ బండే వచ్చింది. మహీంద్రా సంస్థ దానిని ఇక్కడ బిగించి అమ్మడంతో జీపు మన మాటల్లో ఒక మాటైపోయింది.

దారులు చీలడానికి ఒక కారణం, నమ్మడానికి కష్టంగా అనిపించినా, కోడిమాంసం. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవకగా వచ్చిపడుతున్న కోళ్ల వల్ల తమ రైతులు దెబ్బతింటున్నారని యూరప్ ఉమ్మడి విపణి దేశాలు సుంకాలు పెంచాయి. పశ్చిమ జర్మనీకి అమెరికా కోళ్ల ఎగుమతి కుప్పకూలింది. దానికి బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో బ్రాందీ, బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు పిండిలతో పాటు తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం విధించాడు. అందులో గురి జర్మనీ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల మీద. మిగిలిన సరుకుల మీద సుంకం కాలక్రమంలో పోయినా, ట్రక్కుల మీద మాత్రం నిలిచిపోయింది. బయటి నుంచి పోటీ లేకపోతే లోపలి ఉత్పత్తిదారుకు లాభం ఎక్కడ కనిపిస్తుందో అక్కడే అతని శ్రద్ధ పోగవుతుంది. అమెరికా కార్ల కంపెనీలకు కేంద్రమైన డెట్రాయిట్ శ్రద్ధ అలా పికప్ మీద నిలిచింది. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కుగా కొనసాగుతోంది.

దీనికి తోడుగా వచ్చింది 1975 నాటి ఇంధన చట్టం. చమురు సంక్షోభం తర్వాత కార్లు గ్యాలనుకు, అంటే సుమారు 3.8 లీటర్లకు, ఇన్ని మైళ్లు నడవాలని నిర్దేశించిన ఆ చట్టం కింద తేలికపాటి ట్రక్కులకు వేరుగా, సడలింపుగా లక్ష్యాలు పెట్టారు. రైతునూ చిన్న వ్యాపారినీ ఆదుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ కుటుంబాలు ఎక్కే ఎస్‌యూవీలు కూడా ట్రక్కుల లెక్కలోనే చేరడంతో, కార్లకు పెట్టిన నియమాలను తప్పించుకునే దారి తెరుచుకుంది. ఇక పెట్రోలు మీద అమెరికా కేంద్ర పన్ను 1993 నుంచి గ్యాలనుకు 18.4 సెంట్లు దాటలేదు. యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం వేయాల్సిన కనీస పన్నే లీటరుకు సుమారు 36 యూరో సెంట్లు. గ్యాలను లెక్కన ఒక యూరో 35 సెంట్లు దాటుతుంది. ఇంత తేడా ఉన్నచోట ఒక దేశపు మనిషి పొదుపరి, మరొక దేశపు మనిషి దుబారా చేసేవాడు అని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

భారీ లారీల రూపంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యూరప్‌లో ట్రైలరు తగిలించిన లారీ మొత్తం పొడవు మామూలుగా 16.5 మీటర్లు మించకూడదు. డ్రైవరు ముందు ముక్కు పొడిగిస్తే సరుకు చోటు తగ్గుతుంది కాబట్టి, అతడిని ఇంజను మీదే కూర్చోబెట్టి ముందుభాగాన్ని పలకలా కత్తిరించారు. అమెరికాలో 1982 చట్టం తర్వాత ప్రధాన రహదారులపై ట్రైలరు పొడవునే లెక్కలోకి తీసుకున్నారు, ముందున్న బండి పొడవును వదిలేశారు. అందుకే అక్కడ పొడవాటి ముక్కు లారీలు నిలిచాయి.

రోడ్డు దిగి నడిపే తీరుకు మూలం భూమి. అమెరికా కేంద్ర ప్రభుత్వపు ఒక్క భూ నిర్వహణ సంస్థ చేతిలోనే సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. ఇది ఇప్పటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణానికి దాదాపు ఆరు రెట్లు. యూటా రాష్ట్రంలోని మోవాబ్‌లో 1967 నుంచి ఈస్టరు సమయంలో జీపు యాత్రలు జరిగేది అలాంటి భూముల్లోనే. ఫ్రాన్స్‌లోనైతే 1991 చట్టం ప్రకారం ప్రజల రాకపోకలకు తెరిచిన దారి దాటి ప్రకృతి ప్రాంతాల్లో మోటారు బండి నడపడం నిషిద్ధం.

మోంటానాలో పశువుల ట్రైలరు లాగే రైతుకు పెద్ద ట్రక్కు అవసరమే. అతని మీద నాకే ఫిర్యాదూ లేదు. నా బాధ నడిచేవారి గురించి. అమెరికాలో వాహనాల కింద చనిపోయిన పాదచారులు 2009లో సుమారు 4,100 మంది. 2022లో 7,500 మందికి పైగా. వేగం, వెలుతురు, రోడ్ల తీరు ఇలా కారణాలు అనేకం. అయినా బీమా సంస్థల సహాయంతో నడిచే అక్కడి రహదారి భద్రతా సంస్థ 2023లో ప్రకటించిన అధ్యయనాన్ని పక్కన పెట్టలేం: బానెట్ ఎత్తు 40 అంగుళాలు మించిన వాహనం తగిలితే, ముందుభాగం ఏటవాలుగా ఉండి 30 అంగుళాల లోపు ఎత్తున్న వాహనంతో పోలిస్తే, మరణం సంభవించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. చిన్న కారు పెద్దవారి కాళ్లను తాకుతుంది. ఎత్తు ట్రక్కు ఛాతీని తాకుతుంది, పిల్లలైతే తలనే.

యూరప్ 2003లోనే పాదచారుల రక్షణను చట్టంలో చేర్చింది. మనిషి తల నమూనాను బానెట్ మీదికి విసిరి దెబ్బ ఎంతో కొలిచాకే కొత్త కారుకు అనుమతి. అంతమాత్రాన యూరప్ ఈ మోజుకు అతీతమనుకోవద్దు. అక్కడ కూడా కొత్త కార్లలో ఎస్‌యూవీలు సగం దాటాయి. 2024 ఫిబ్రవరిలో పారిస్ నగరం బయటినుంచి వచ్చే బరువైన కార్లకు పార్కింగు రుసుమును మూడింతలు చేయాలా అని ఓటింగు పెట్టి, సుమారు 54.5 శాతం మంది అవుననడంతో అమలు చేసింది. ఓటు వేసినవారు మాత్రం ఆరు శాతం కూడా లేరు.

2025 ఆగస్టులో అమెరికా, యూరోపియన్ యూనియన్ వెలువరించిన ఉమ్మడి ప్రకటనలో, వాహనాల విషయంలో ఒకరి ప్రమాణాలను మరొకరు అంగీకరించే ఉద్దేశం ఉందని రాసుకున్నారు. వాణిజ్యానికి అది సౌకర్యమే. కానీ ఆ తల నమూనా పరీక్ష లాంటి షరతు అమెరికా నియమాల్లో ఇంతవరకు లేదు. 2024లో ప్రతిపాదన స్థాయికి మాత్రమే వచ్చింది. ఒప్పందాన్ని అమలు చేసేవారు ఆ ఒక్క పరీక్షను వదులుకోకూడదని, అమెరికా దానిని అందుకునే వరకు యూరప్ ఆగాలని నా గట్టి అభిప్రాయం.