డల్లాస్ నుంచి నల్లగొండ వచ్చినంక మా బుడ్డోడి మోషన్ ఎందుకు మారింది? | అమ్మమ్మ ఇంట్ల డైపర్ ముచ్చట్లు

నమస్తే అండి అందరికి. అన్నం తినుకుంట ఈ వీడియో పెట్టుకున్నోళ్లు జర ఆపేసి, చెయ్యి కడుక్కున్నంక చూడండి. ఇయ్యాల ముచ్చటంత మా బుడ్డోడి డైపర్ గురించే. పోయిన వ్లాగ్ కింద చానమంది అడిగిండ్రు, ఇండియాకు పోతే పిల్లలకు కడుపు ఖరాబైతదా, మీరేం చేసిండ్రు అని. ఒక్క ముక్కల చెప్పేది కాదది.

విమానం దిగిన కాడికెల్లి మొదలుపెడత. డల్లాస్ల బయలుదేరినప్పటి సంది బుడ్డోడు దొడ్డికి పోలే. శంషాబాద్ల దిగి, ఔటర్ మీదికెల్లి వచ్చి, పెద్ద అంబర్‌పేట కాడ విజయవాడ హైవే ఎక్కినం. చౌటుప్పల్ రాంగనే కారంత వాసన. నాయిన రోడ్డు పక్కకు ఆపిండు. వెనక సీటు మీద చీర పరిచి చూస్తే, డైపర్ దాటి వీపు దాక వచ్చింది. అమ్మకు ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి మాట, "పోరడు నవ్వుతున్నడా, ఏడుస్తున్నడా?" నవ్వుతున్నడు. "అయితే ఏం గాదు, తుడిచి తీస్కరా."

అప్పుడు నవ్వొచ్చింది గని, డాక్టర్లు చెప్పేది గూడ అదే. పుట్టిన కొత్తల పాలు తాగినప్పుడల్లా పోతరు, కడుపుల పాలు పడంగనే పేగు కదులుతది. ఆరు వారాలు దాటినంక తల్లిపాలు తాగే పిల్లలైతే కొందరు వారం దాక పోరు. పోయినప్పుడు మెత్తగ ఉంటే, పాలు మంచిగ తాగుతుంటే, బరువు పెరుగుతుంటే దాన్ని మలబద్ధకం అనరు. ముక్కుకుంట మూతి ఎర్రగ చేసుకున్నా, వచ్చేది మెత్తగుంటే అది వాడు పని నేర్చుకునుడే. గట్టి గోలీల్లెక్క వస్తేనే మలబద్ధకం. డబ్బా పాలు తాగేటోళ్లకు మొదటి సంది జర చిక్కగనే ఉంటది, వాసన ఎక్కువ. మావోడు రెండూ తాగుతడు, అందుకే ఒక్కో రోజు ఒక్కో తీరు.

ఇగ ఇంటికొచ్చిన తెల్లారి అసలు లొల్లి మొదలైంది. అమ్మ డైపర్ మార్చుకుంట, "ఏందే ఇది, పోరడు నల్లగ పోతున్నడు! దిష్టి తాకింది" అని ఉప్పు కోసం లోపలికి ఉరికింది. నేను ఐరన్ చుక్కల సీసా తెచ్చి చూపించిన. అక్కడ తల్లిపాలు తాగే పిల్లలకు నాలుగో నెల సంది ఐరన్ ఇయ్యమంటరు. అది లోపలికి పోతే మలం ముదురు ఆకుపచ్చగ, నలుపు కలిసినట్టు వస్తది. అమ్మ సీసా వాసన చూసి, "ఇనుప తుప్పు వాసన" అన్నది, ఉప్పు మాత్రం తిప్పనే తిప్పింది. తిప్పనియ్యండి, ఉప్పుతోటి వాని కడుపుకు వచ్చే నష్టం ఏం లేదు.

నష్టం ఉన్నదానికే నేను గట్టిగ కూసున్న. అన్నప్రాసన మగపిల్లగానికి సరి నెలల అని ఆరో నెల నిండంగనే పెట్టిండ్రు. చుట్టాల్ల ఒక పెద్దమ్మ నాలిక మీద తేనె రాద్దామని గిన్నె పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, ఏడాది నిండేదాక తేనె వద్దు" అని నేనే గిన్నె తీసుకున్న. ఆమె మొఖం చిన్నగైంది, నాకు తెలుసు. గని తేనెల ఒక సూక్ష్మజీవి విత్తనాలు ఉండొచ్చు, పసిపిల్లల పేగుల అది మొలిచి విషం చేస్తది. బొట్యులిజం అంటరు దాన్ని. అది వచ్చిన చాన మంది పిల్లలల్ల ముందుగాల కనిపించేది మలబద్ధకమే, తర్వాత మెడ వాలిపోవుడు, ఏడుపు సన్నగవుడు. అందుకే మోషన్ ముచ్చట్ల తేనె గురించి చెప్తున్న.

అన్నం ముట్టినంక డైపర్ల లోకమే మారిపోతది. తైదల జావ, అంటే రాగి జావ, మొదలుపెట్టినం, మలం గోధుమ రంగుకు తిరిగి చిక్కబడ్డది, వాసన ఇగ చెప్పద్దు. క్యారెట్ పెడితే క్యారెట్ ముక్కలు అట్లనే వచ్చినయ్. బీట్‌రూట్ తింటే తెల్లారి ఎర్రగ. ఒకనాడైతే అమ్మ డైపర్ పట్టుకొని కిటికీ వెలుతుర్ల నిలబడి, కళ్లద్దాలు మీదికి తోసుకొని పిలిచింది, "బిడ్డా ఇటు రా, నల్లటి పురుగులు!" నేను ఫోన్ లైట్ వేసి చూస్తే సన్నటి నల్ల పోగులు, దారం ముక్కల్లెక్క, ఒక్కటీ కదుల్తలే. ముందటి రోజు అరటిపండు పిసికి పెట్టినం. పండు నడుమ ఉండే పోగులు అరిగేటప్పుడు నల్లబడుతయ్, అంతే. అమ్మ అగ్గిపుల్లతోటి ఒకటి లాగి చూసి గాని నమ్మలే.

ఆ అరటిపండు, అన్నం తోటే గట్టిపడ్డది గూడ. ఊళ్లె మాట ఏందంటే, తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టాలె, లేకపోతే సబ్బు ముక్క. ప్రకాశం బజార్ దిక్కు పిల్లల డాక్టర్‌ను అడిగితే రెండూ వద్దన్నడు, లోపలి పొర గీసుకుంటది, మంట పుడతది. బొప్పాయి గుజ్జు పెట్టుమన్నడు, తిండితోపాటు గుటకెడు కాచి చల్లార్చిన నీళ్లు పట్టుమన్నడు. నల్లగొండల ఉండుకుంట బత్తాయి రసం పొయ్యకపోతే ఎట్ల అని నాయిన. గని రసం ఏడాది దాటినంకనే అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017ల చెప్పింది, నేను దానికే కట్టుబడ్డ. బత్తాయిలు మేమే తిన్నం.

నీళ్ల గురించి అడిగినోళ్లే ఎక్కువ, అది జర నిదానంగ చెప్తా. నల్లగొండ అనంగనే అందరికి ఫ్లోరైడ్ యాదికొస్తది. మర్రిగూడ దిక్కు నడుములు వంగిపోయినోళ్లను చిన్నప్పుడు నేను గూడ చూసిన. అది బోరు నీళ్ల బాధ, ఏండ్ల తరబడి తాగితే పండ్లకు, బొక్కలకు పట్టేది. పిల్లగానికి రెండు రోజుల్ల మోషన్స్ పట్టేది దానితోటి కాదు, నీళ్లల్ల, చేతులకు, సీసాలకు ఉండే క్రిములతోటి. ఈ రెండూ వేరు వేరు అని తెల్వక చానమంది బోరు నీళ్లు కాచి డబ్బా పాలు కలుపుతరు. కాస్తే క్రిములు చస్తయ్, ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీళ్లు ఇంకినకొద్ది ఇంకింత చిక్కబడుతది. ఇప్పుడు మా ఇంటికి సర్కారు మిషన్ భగీరథ పథకం నల్లా వస్తది, కృష్ణ నీళ్లు. 2015ల ఆ పథకం పైలాన్ పెట్టింది గా చౌటుప్పల్లనే. మేం ఆ నీళ్లే కాచి చల్లార్చి పాలు కలుపుతున్నం. సీసాలు గూడ రోజూ ఉడకబెడుతున్నం.

అయినా నడుమ ఒకసారి నీళ్ల విరేచనాలు పట్టినయ్. "పండ్లు వస్తున్నయ్, అందుకే" అని ఇంటిమీది కొచ్చినోళ్లందరు అన్నరు. పండ్లతోటి చొంగ కారుతది, చిగుళ్లు సలుపుతయ్, గని నీళ్లలెక్క విరేచనాలైతే పండ్ల మీద వెయ్యద్దు. ఆ వయసుల దొరికిందల్లా నోట్లె పెట్టుకుంటరు, కారణం అక్కడుంటది. ఆ రెండు రోజులు నేను ఎన్నిసార్లు పోయిండని లెక్కవెట్టలే, ఉచ్చ పోస్తున్నడా లేదా అని చూసిన. ఆరు గంటలు దాటినా డైపర్ పొడిగుంటే, ఏడిస్తే కండ్లల్ల నీళ్లు రాకపోతే, నోరు ఎండితే, నడినెత్తి మీద మాడు గుంట పడితే, మబ్బుగ పడుకుంటే ఇంట్ల కూసోవద్దు.

పాలు ఆపలే. ఊరి ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు (నీళ్లల్ల కలిపి పట్టే ఉప్పు, చక్కెర పొడి), జింక్ గోలీలు ఇచ్చింది. జింక్ ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా కోర్సు నిండేదాక. పెద్ద ప్యాకెట్ ఒక్క లీటర్ నీళ్లల్ల మొత్తం కలపాలె, సగం సగం వద్దు. చెంచాతోటి కొంచెం కొంచెం పట్టాలె. ఇంకొకటి, మెడికల్ షాపుల్ల డబ్బాలల్ల దొరికే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబర్ల తిండి వస్తువుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయద్దన్నది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదా చూసి తీసుకోండి.

పసుపు, పచ్చ, గోధుమ రంగులు ఎట్ల మారినా, పిల్లగాడు హుషారుగుంటే నేను భయపడ. మూడు రంగులకే భయం. సున్నం లెక్క తెల్లగ, పాలిపోయినట్టు వస్తే పైత్యరసం పేగులకు దిగుతలేదని. పుట్టిన రెండు వారాలు దాటినా కామెర్లు పోని పిల్లల్ల ఇది ఇంకా ముఖ్యం. పైత్యనాళాలు మూసుకపోయే జబ్బైతే 60 రోజుల లోపల ఆపరేషన్ చేస్తేనే ఫలితం మంచిగుంటది. తైవాన్ల 2004 సంది తల్లులకు మలం రంగుల కార్డే ఇస్తున్నరు, చూసి పోల్చుకోనీకి. మన దగ్గర గూడ అసొంటిది చేతికిస్తే ఎంత బాగుండు. రెండోది నలుపు. పుట్టిన రెండు మూడు రోజులు నల్లగ, జిగటగ పోతరు, అది మామూలే. ఆ తర్వాత ఐరన్ లేకుండ తారు లెక్క వస్తే కాదు. మూడోది నెత్తురు. అందులో ఆగి ఆగి కాళ్లు కడుపు మీదికి ముడుచుకొని గుక్కపట్టి ఏడ్చి, ఎర్రటి జిగురు పడితే, పేగుల పేగు దూరిందేమో అని అనుమానం. ఈ వయసు పిల్లలకే ఎక్కువ వస్తది, పొద్దుగాల చూద్దాం అని ఆగద్దు.

డాక్టర్ కాడికి పోయినప్పుడు రంగు నోటితోటి చెప్పుడు కష్టం, ఫొటో తీసుకపోతే ఒక్క చూపుల చెప్తరు. నా ఫోన్ నిండ అవే ఫొటోలు. నిన్న నాయిన, "అన్నప్రాసన ఫొటోలు చూపిస్త" అని పక్కింటి సార్‌కు నా ఫోన్ ఇచ్చిండు. సార్ పాయసం ఫొటో చూసిండు, దాని తర్వాతది గూడ చూసిండు. చాయ్ సగం వదిలిపెట్టి పోయిండు పాపం.