మడమ నొప్పి ఉన్న రన్నర్లు ఏ ఇన్‌సోల్ కొనాలి? మెత్తదనం చూసి కొనకండి | వైజాగ్ రివ్యూ

అందరికీ నమస్కారం అండి. ఇవాళ టేబుల్ మీద అన్నీ ఇన్‌సోల్సే, అంటే షూ లోపల పాదం కింద వేసుకునే షీట్లు. సిలికాన్ హీల్ కప్పులు, మెమరీ ఫోమ్ షీట్లు, అడుగున ప్లాస్టిక్ ఉన్న గట్టివి, రన్నింగ్ కోసమే తయారుచేసినవి, అన్నీ ఉన్నాయి. పొద్దున్నే మన బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా ఒక రౌండ్ వేస్తే చాలు, మడమ నొప్పితో కుంటుతూ పరిగెడుతున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో తప్పకుండా కనిపిస్తారు. నేవీ మారథాన్‌కి పేరు ఇచ్చేశాం కదా, ఆపలేం అంటారు. "ఏ ఇన్‌సోల్ కొనమంటారు?" అని నన్ను అడుగుతుంటారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. మడమని చుట్టూ గట్టిగా పట్టుకోవాలి. అరికాలి వంపు వచ్చే చోట చేతి బొటనవేలితో నొక్కితే చప్పున అణిగిపోకూడదు. అలాంటి రెడీమేడ్ ఇన్‌సోల్ ఒకటి కొనండి, చాలామందికి అది సరిపోతుంది. కాలి కొలతలిచ్చి వేలకు వేలు పోసి చేయించుకునే దాని సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

అసలు నొప్పి ఎక్కడుందో ముందు తేల్చుకోండి. ఇదిగో, నా పాదం చూడండి. మడమ అడుగున, కొంచెం లోపలి వైపుకి, సరిగ్గా ఇక్కడ. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు దిగినట్టు పొడుస్తుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. ఆఫీసులో గంటసేపు కూర్చుని లేచారా, మళ్లీ పొడుస్తుంది. దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. ఇప్పుడు నా కాలి బొటనవేలు పైకి వంచుతున్నాను, వంపు దగ్గర చూడండి. చర్మం కింద తాడులా పైకి లేచింది కదా, అదే. వేలు వంగగానే పట్టీ బిగుసుకుంటుంది, పాదం వంపు పైకి లేస్తుంది. పరుగులో ప్రతి అడుగుకీ ఇదే జరుగుతుంది. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడితే మడమ దగ్గర, ఆ పట్టీ అతుక్కునే చోట నొప్పి మొదలవుతుంది.

మన ఊళ్లో ఆ "ఒక్కసారిగా" ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. ఏడాదంతా పెద్దగా నడవని కాళ్లతో ఒక్క రాత్రిలో అంత దూరం. భక్తిని నేను తక్కువ చేయడం లేదు, నేనూ నడిచేవాళ్లలో ఒకరినే. రెండు నెలల ముందు నుంచి కొంచెం కొంచెంగా నడక పెంచుకుంటూ రండి అని మాత్రమే చెబుతాను.

ఎక్స్‌రేలో మడమ ఎముకకి ముల్లు పెరిగిందని చెబితే చాలామంది బెదిరిపోతారు. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ఎంతోమందికి ఆ ముల్లు ఉంటుంది. దాన్ని చూసి పరుగు మానేయక్కర్లేదు.

వేరే చోట నొప్పి ఉంటే లెక్క మారిపోతుంది. వేళ్ల కింద, పాదం ముందు భాగంలో నొప్పి ఉంటే మెటటార్సల్ ప్యాడ్ అనే చిన్న మెత్త పనికొస్తుంది. దాన్ని నొప్పి ఉన్న చోట కింద పెట్టకూడదు, దానికి కొంచెం వెనకగా అతికించాలి. మడమ వెనక, పిక్క నరం వచ్చి అతుక్కునే చోట నొప్పి ఉంటే మడమని కొంచెం ఎత్తుగా ఉంచే హీల్ లిఫ్ట్ కావాలి. ఎముక మీద వేలు పెడితే ఒక్క చోటే జివ్వుమంటూ, పరుగు తీసినకొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు కావచ్చు. అప్పుడు ఈ వీడియో ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాదం తిమ్మిరెక్కుతున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌కి చూపించకుండా గట్టి ఇన్‌సోల్ వేసుకోవద్దు. స్పర్శ తగ్గిన కాలికి ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియదు, పుండు పడితే చాలా ప్రమాదం.

సరే, టేబుల్ మీదకి వద్దాం.

మొదట సిలికాన్ హీల్ కప్పులు. టైనార్ లాంటి కంపెనీలవి కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో, మామూలు మందుల షాపుల్లో కూడా వందల్లోనే దొరుకుతాయి. మడమ కింద కొవ్వు పలచబడినవాళ్లకి, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి హాయిగా ఉంటాయి. చవకగా ఒకసారి వేసి చూడటానికి బాగుంటాయి. కానీ వంపుకి ఏ ఆసరా ఇవ్వవు. పరుగులో చెమట పడితే షూ లోపల ముందుకి జారుతుంటాయి కూడా. రెండు కాళ్లకీ వేసుకోవాలి, నొప్పి ఉన్న కాలికి ఒక్కదానికే కాదు. లేకపోతే ఒక కాలు ఎత్తు, ఒక కాలు పల్లం అవుతుంది.

తర్వాత ఈ మెమరీ ఫోమ్. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ రకం ఏ పేరుతో వచ్చినా దాదాపు ఇలాగే ఉంటుంది. షాపులో చేత్తో పట్టుకుంటే దూదిలా ఉంటుంది, అందుకే బాగా అమ్ముడుపోతుంది. ఇదిగో, వంపు దగ్గర బొటనవేలితో నొక్కుతున్నాను. చూశారా, వేలు టేబుల్‌కి తగిలేదాకా దిగిపోయింది. నా ఒక్క వేలికే ఇలా అణిగితే, పరుగులో అడుగు పడ్డప్పుడు ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల బరువు పడుతుంది, అప్పుడు ఇంకేం మిగులుతుంది? ఇప్పుడు రెండు చివర్లూ పట్టుకుని తువ్వాలు పిండినట్టు మెలిపెడుతున్నాను. పూర్తిగా తిరిగిపోయింది. షాపింగ్‌కి వెళ్లే చెప్పుల్లో అయితే సరే. అరికాలి పట్టీ నొప్పి ఉన్న రన్నర్‌కి నేను దీన్ని చెప్పను.

ఇప్పుడు ఇది సూపర్‌ఫీట్ గ్రీన్. కొత్త ప్యాకెట్ల మీద ఆల్ పర్పస్ సపోర్ట్ హై ఆర్చ్ అని ఉంటుంది, గాభరా పడకండి, అదే ఇది. మడమ దగ్గర గిన్నెలా లోతుగా ఉంది, వేలు పెట్టి చూపిస్తున్నాను. అడుగున మడమ నుంచి వంపు దాకా గట్టి ప్లాస్టిక్. మెలిపెడితే ముందు భాగం మాత్రమే వంగుతోంది, వెనక భాగం కదలనే కదలదు. నాకు కావలసింది ఇదే. లోతైన గిన్నె మడమ కింది కొవ్వుని పక్కలకి చెదిరిపోకుండా ఒకచోట ఉంచుతుంది, సహజమైన కుషన్ మీ కాలిలోనే ఉంది కదా మరి. అయితే దీని వంపు ఎత్తు ఎక్కువ. పాదం చదునుగా ఉన్నవాళ్లకి మొదట్లో లోపల రాయి ఉన్నట్టు అనిపిస్తుంది, కొందరికి ఎన్నాళ్లయినా పడదు.

అలాంటివాళ్లకి పవర్‌స్టెప్ పినకిల్ నయం. దీనికీ అడుగున గట్టి షెల్ ఉంది, కానీ మరీ అంత మొండిగా ఉండదు, పైన కుషన్ రెండు పొరలు. మొదటిసారి ఆర్చ్ సపోర్ట్, అంటే వంపుకి ఆసరా ఇచ్చేది వేసుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఇక కరెక్స్ రన్‌ప్రో, ఇది వంపు ఎత్తుని బట్టి లో, మీడియం, హై అని 3 రకాల్లో వస్తుంది. బరువు తక్కువ, బాగా వంగుతుంది, వేగంగా పరిగెత్తేవాళ్లకి కాలికి అడ్డు తగలదు. నొప్పి బాగా ఉన్నప్పుడు కంటే, తగ్గి మళ్లీ పరుగు మొదలుపెట్టేటప్పుడు ఇది నచ్చింది నాకు. ఇవి మూడూ బయటి దేశాల సరుకు, ఆన్‌లైన్‌లో వేలల్లో ఉంటాయి. అంత పెట్టలేనివాళ్లు మన దేశపు కంపెనీల ఆర్చ్ సపోర్ట్ ఇన్‌సోల్స్ చూడండి. ఫ్రిడో వాళ్లవి ఉన్నాయి, ఇంకా చాలా వస్తున్నాయి. పేరు ఏదైనా పరీక్ష ఒకటే: వంపు దగ్గర బొటనవేలు, చివర్లు పట్టుకుని మెలి, మడమ గిన్నె లోతు.

"మరి కంప్యూటర్ స్కాన్ తీసి చేసిచ్చేవి?" అంటారు. తెర మీద ఎరుపు, పసుపు రంగుల్లో మన పాదం చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. 2006లో ఆస్ట్రేలియాలో 135 మంది మీద ఒక పరిశోధన ప్రచురించారు. కొంతమందికి పలచటి మెత్తటి ఫోమ్, కొంతమందికి గట్టి ఫోమ్‌తో చేసిన రెడీమేడ్‌వి, మిగతావాళ్లకి కొలతలు తీసి చేసినవి ఇచ్చారు. 3 నెలలకి, గట్టి రెండు రకాలూ వాడినవాళ్లు మెత్తటివి వాడినవాళ్లకంటే రోజువారీ పనులు కొంచెం బాగా చేసుకోగలిగారు. రెడీమేడ్‌కీ, కొలతలిచ్చి చేయించిన దానికీ మధ్య తేడా ఏమీ తేలలేదు. ఏడాది తిరిగేసరికి మూడు రకాలవాళ్లూ ఒకేలా ఉన్నారు. అంటే ఇన్‌సోల్ పట్టీ నొప్పిని మాయం చేయదు. నయమవుతున్న ఆ మధ్యకాలంలో మీరు తిరగగలిగేలా చేస్తుంది. ఆ సాయం చిన్నది కాదు, కానీ దానికోసం అప్పు చేయనవసరం లేదు. పాదం ఆకారం మరీ భిన్నంగా ఉన్నవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి కొలతలిచ్చి చేయించడం అవసరం పడొచ్చు, అది డాక్టర్ చెబుతారు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని విషయం, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు రన్నింగ్ షూలో ఉండేది గంట. మిగతా రోజంతా మీ పాదం ఎక్కడుంది? స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో షిఫ్ట్ చేసేవాళ్లు 8 గంటలు సేఫ్టీ షూలో ఉంటారు. రన్నింగ్ షూలో ఖరీదైన ఇన్‌సోల్ వేసి, డ్యూటీ షూలో చదునైన అట్టలాంటి షీటు వదిలేస్తే ఏం లాభం? ఒక్క జతే కొనగలిగితే ఎక్కువ గంటలు వేసుకునే షూలో పెట్టండి. ఆ తర్వాత మన ఇళ్లు. అన్నీ టైల్సూ, మార్బులూ, ఉత్త కాళ్లు. పొద్దున పొడిచే ఆ మొదటి అడుగు పడేది ఆ గట్టి నేల మీదే, అక్కడ ఇన్‌సోల్ లేదు. ఇంట్లో చెప్పులేంటి అని పెద్దవాళ్లు కోప్పడతారు. ఇంట్లోకి మాత్రమే వాడేలా, వంపు ఉన్న చెప్పుల జత ఒకటి కొత్తది తెచ్చి మంచం పక్కనే ఉంచుకోండి, బయటకి అస్సలు వేయకండి. పూజ గది దగ్గర విడిచేయండి. మా ఇంట్లో పెద్దవాళ్లు దీనికి ఒప్పుకున్నారు, మీ ఇంట్లోనూ ఒప్పుకుంటారు.

ఇక అమర్చుకోవడం. షూతో వచ్చిన షీటు ముందు తీసేయాలి. దాని మీదే కొత్తది వేస్తే కాలు పైకి లేచి, మడమ షూలోంచి జారుతుంది. ఇదిగో, పాత షీటుని కొత్తదాని కింద పెట్టి మడమలు రెండూ సరిగ్గా కలిపాను. ముందు వేళ్ల వైపు పెన్నుతో గీశాను. గీత మీద కాకుండా కొంచెం బయటికే కత్తిరించండి, ఇంకా తగ్గించాలంటే తర్వాత తగ్గించొచ్చు. మడమ వైపు కత్తెర పెట్టొద్దు. షూలో పెట్టాక మూలల్లో ఎక్కడా మడత లేవకూడదు. మొదటి రోజు ఇంటి చుట్టూ గంటో రెండు గంటలో నడవండి, రోజూ కొంచెం పెంచండి, వారం తర్వాత చిన్న పరుగు. మోకాలు కొత్తగా నొప్పి పెడితే, వంపు దగ్గర పొక్కు వస్తే తీసేయండి, అది మీ కాలికి పడలేదు. బ్యాడ్మింటన్, వాలీబాల్ ఆడేవాళ్లు మందమైనవి వేయొద్దు. కాలు ఎత్తు పెరిగితే పక్కకి కదిలేటప్పుడు చీలమండ మెలిపడుతుంది.

మన ఉక్కపోతలో ఇన్‌సోల్ చెమటకి నానిపోతుంది. పరుగయ్యాక బయటికి తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. ఇసుక దులిపేయండి.

పిల్లల గురించి రెండు మాటలు. పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన జ్యోతి యర్రాజీ మన ఊరి అమ్మాయే. ఆమెని చూసి గ్రౌండ్‌కి వచ్చే పిల్లలు అరిగిపోయిన కాన్వాస్ షూలతో సిమెంటు మీద గెంతుతుంటే నాకు మనసు ఊరుకోదు. 8 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలు మడమ వెనక నొప్పి అంటే, మడమని రెండు పక్కలా నొక్కి చూడండి. గట్టిగా నొప్పి పెడితే అది సాధారణంగా సీవర్స్, ఎదిగే ఎముక దగ్గర వచ్చే నొప్పి. గెంతడం కొన్నాళ్లు తగ్గించి, రెండు షూల్లోనూ హీల్ లిఫ్ట్ వేస్తే సర్దుకుంటుంది. ఎముక ఎదుగుదల పూర్తయ్యాక అది మళ్లీ రాదు. ఆ పిల్లల్ని "నాటకాలు" అని తిట్టొద్దు, దయచేసి.

చివరిగా, ఇన్‌సోల్‌తో పాటు చేయాల్సింది. పొద్దున మంచం దిగకముందే వేళ్లని చేత్తో పైకి లాగి పట్టీ సాగదీయండి, 10 సెకన్లు చొప్పున 10 సార్లు. రోజు విడిచి రోజు మెట్టు మీద నిలబడి, వేళ్ల కింద తువ్వాలు చుట్టి పెట్టి, ఒంటికాలి మీద మడమ లేపండి. 3 సెకన్లు పైకి, 2 సెకన్లు అక్కడే, 3 సెకన్లు కిందికి. డెన్మార్క్‌లో 48 మందికి మడమ కింద జెల్ ఇన్‌సర్ట్‌లు ఇచ్చి, సగం మందితో మామూలు స్ట్రెచింగ్, సగం మందితో ఈ మడమ లేపే వ్యాయామం చేయించారు. 3 నెలల దగ్గర ఇది చేసినవాళ్లే బాగున్నారు. ఏడాదికి రెండు వర్గాలూ సమానమయ్యాయి, కానీ నొప్పితో ఉన్నవాళ్లకి ఆ తొందరే కదా కావలసింది.

నొప్పి పూర్తిగా తగ్గాక ఇన్‌సోల్ తీసేయొచ్చా అంటే, తీసేయొచ్చు. ముందు మామూలు నడకలో తీసి చూడండి, రెండు మూడు వారాలు బాగుంటే చిన్న పరుగుల్లో, చివరగా లాంగ్ రన్‌లో. పొద్దున మొదటి అడుగు మళ్లీ పొడిస్తే వెనక్కి పెట్టేసుకోండి. రీప్లేస్ చేయడానికి సూపర్‌ఫీట్ వాళ్లు చెప్పే లెక్క ఏడాది, లేదా 800 కిలోమీటర్లు. దానికంటే ముందే వంపు దగ్గర నొక్కితే దిగిపోతుంటే, కొత్తది తీసుకోండి.